ఫ్యూమ్ హుడ్ ఆన్‌లోనే ఉంది, వాసన మాత్రం ల్యాబ్‌లోకే వస్తోంది

"బ్లోయర్ తిరుగుతూనే ఉంది సార్, అయినా వాసన కొడుతోంది." హైదరాబాద్‌లో ఎండలు ముదిరాయంటే యూనివర్సిటీ ల్యాబుల నుంచి ఫోన్లు ఈ మాటతోనే మొదలవుతాయి. రసాయనాల పొగను బ్లోయర్‌తో బయటికి లాగే పెట్టె, అదే ఫ్యూమ్ హుడ్, గురించే ఈ గోల. ముందు పని ఆపండి. హీటర్ కట్టేసి, సీసాల మూతలు పెట్టి, శాష్‌ని, అంటే హుడ్ ముందుండే జారుడు అద్దాన్ని, పూర్తిగా దించండి. వాసన తగ్గింది కదా అని మళ్లీ మొదలుపెట్టొద్దు. హైడ్రోజన్ సల్ఫైడ్ లాంటివి ఎక్కువైతే ముక్కే మొద్దుబారిపోతుంది, వాసన తెలియదు.

గది తలుపు తీసి చూశారా?

ఇది చూడకుండానే మెకానిక్‌ని పిలిచేవాళ్లే ఎక్కువ. 4 అడుగుల హుడ్‌కి శాష్ 18 అంగుళాలు ఎత్తితే ముందున్న సందు 6 చదరపు అడుగులు. గాలి వేగం నిమిషానికి 100 అడుగులు, అంటే సెకనుకు సుమారు 0.5 మీటర్లు ఉండాలంటే నిమిషానికి 600 ఘనపు అడుగుల గాలి బయటికి పోవాలి. 20x15 అడుగుల గది, 10 అడుగుల ఎత్తు అనుకుంటే, గదిలో ఎంత గాలి ఉందో అంతా 5 నిమిషాల్లో పోవాలన్నమాట. పోయినంత గాలి ఎక్కడినుంచో లోపలికి రావాలి కదా! స్ప్లిట్ ఏసీ బయటి గాలిని తేదు, ఉన్నదాన్నే చల్లబరిచి తిప్పుతుంది. మే నెలలో కిటికీలన్నీ బిగించి, సందులకు టేపు కూడా వేసేస్తే హుడ్ ఏం లాగుతుంది?

తలుపు లాగితే బరువుగా రావడం, కింది సందులోంచి ఈల వినబడటం దీని గుర్తులు. హుడ్ సందులో గాలి వేగాన్ని ఎనిమోమీటర్‌తో, అంటే గాలి వేగం చూపే మీటర్‌తో, తలుపు మూసి ఒకసారి, తీసి మళ్లీ కొలవండి. వేగం పెరిగితే జబ్బు దొరికినట్టే. హుడ్‌కి దూరంగా ఉన్న గోడకో తలుపుకో లూవర్, అంటే గాలి వచ్చే పలకల జాలీ, పెట్టించండి. హుడ్ పక్కనున్న కిటికీ మాత్రం తీయొద్దు. అడ్డంగా వచ్చే గాలి పొగను హుడ్‌లోంచి గదిలోకి లాగేస్తుంది. హుడ్ ముందున్న సీలింగ్ ఫ్యాను, హుడ్ మీదికి కొట్టే ఏసీ చేసేదీ అదే పని.

కొలిచేటప్పుడు మధ్యలో ఒక్క చోట పెట్టి వదిలేయకండి, సందంతా గళ్లుగా అనుకుని ప్రతి గడిలో చూడండి. ఒక మూలే తక్కువ వస్తే అడ్డుగాలో, హుడ్ వెనక పలక, అంటే బాఫిల్, సందును మూసేసిన సీసాలో కారణం. అంతటా తక్కువగా ఉండి, తలుపు తీసినా మారకపోతే బ్లోయర్ ఉండే మేడ మీదికి నడవండి.

లాగుతోంది, కానీ సగమే లాగుతోంది

అసలు మోసం ఇక్కడే. టిష్యూ ముక్క పెడితే లోపలికే వంగుతుంది. బ్లోయర్ చప్పుడు మామూలుగానే ఉంటుంది. మీటర్ మాత్రం సెకనుకు 0.2 మీటర్లు దాటదు. డక్టులో, అంటే హుడ్ నుంచి గాలి పోయే గొట్టంలో, అడ్డం ఉందని విప్పించేవాళ్లు, కొత్త బ్లోయర్‌కే కొటేషన్ తెప్పించేవాళ్లు ఉన్నారు. తీరా చూస్తే మోటరు ఉల్టా తిరుగుతుంటుంది.

గోడకుండే రెక్కల ఎగ్జాస్ట్ ఫ్యాను ఉల్టా తిరిగితే గాలి లోపలికి కొడుతుంది కాబట్టి వెంటనే తెలిసిపోతుంది. హుడ్‌కి వాడే సెంట్రిఫ్యూగల్ బ్లోయర్ అలా కాదు. ఎటు తిరిగినా గాలిని ఒకే దిక్కుకు పంపుతుంది, కాకపోతే చాలా తక్కువ పంపుతుంది. అందుకే టిష్యూ పరీక్షలో పాసవుతుంది.

మూడు ఫేజుల మోటరుకు ఏ రెండు ఫేజులు తారుమారైనా దిశ మారిపోతుంది. కాబట్టి ముందు అడగాల్సిన ప్రశ్న: ఇటీవల మోటరు రివైండింగ్‌కి వెళ్లొచ్చిందా? బిల్డింగ్‌లో కేబులో ప్యానలో మార్చారా? గాలివాన తర్వాత లైను పని జరిగిందా? ఆ రోజు నుంచే బోరు మోటరు నీళ్లు తక్కువ పోస్తోందని, ట్యాంకు నిండట్లేదని ఎవరైనా అంటున్నారేమో వాచ్‌మన్‌ని అడగండి. మూడు ఫేజుల బోరు మోటరు కూడా ఉల్టా తిరిగితే అలాగే చేస్తుంది. కరెంటు పోయి జనరేటర్ మీద నడిచేటప్పుడే వాసన వస్తోందంటే, జనరేటర్ ఫేజుల వరస వేరేగా ఉందన్నమాట.

దిశ చూడటానికి బ్లోయర్ ఆఫ్ చేయించి, అది నెమ్మదించేటప్పుడు షాఫ్టునో పుల్లీనో గమనించండి. కేసింగ్ మీద బాణం గుర్తు ఉండాలి. ఎండకు వెలిసిపోయో, పైన పెయింట్ వేసేసో చాలాచోట్ల కనబడదు. అప్పుడు కేసింగ్ ఆకారం చూడాలి. నత్తగుల్లలా ఒకచోట ఇరుకుగా మొదలై, పోనుపోను వెడల్పవుతూ బయటికి తెరుచుకుంటుంది. చక్రం ఆ ఇరుకు నుంచి వెడల్పు వైపుగా తిరగాలి. కరెంటు ఎంత లాగుతోందో క్లాంప్ మీటర్‌తో చూసి దిశ తేల్చేస్తామంటే నమ్మకండి.

సరిచేయడం ఎలక్ట్రీషియన్‌కి కాసేపటి పని. కరెంటు పూర్తిగా కట్ చేసే స్విచ్, అంటే ఐసొలేటర్‌కి, తాళం వేయించి, రెండు వైర్లు మార్చాలి. ఏ చోట మార్చాలన్నదే ముఖ్యం. రివైండింగ్ తర్వాత వచ్చిన తేడా అయితే మోటరు టెర్మినల్ దగ్గరే. బిల్డింగ్ సప్లైలోనే తేడా ఉంటే సప్లై దగ్గరే సరిచేయించండి. మోటరు దగ్గర మార్చి ఊరుకుంటే, రేపు ఎవరో సప్లై సరిచేసిన రోజున హుడ్ మళ్లీ ఉల్టా అవుతుంది. ఫేజ్ సీక్వెన్స్ రిలే పెడితే సప్లై తారుమారు కాగానే స్టార్టర్ పడిపోతుంది. రిలే తర్వాత మోటరు దగ్గర తప్పుగా కలిపిన వైర్లను అది పట్టుకోలేదు. మోటరు వేగం మార్చే డ్రైవ్, అంటే వీఎఫ్‌డీ, ఉంటే సప్లై వరసతో పని లేదు. దాని నుంచి మోటరుకు వెళ్లే వైర్లు, లోపల పెట్టిన దిశ సెట్టింగ్ చూడండి.

ఇవన్నీ బాగుంటే మిగిలేవి చిన్నవి. బెల్టు వదులైతే స్టార్ట్ చేసేటప్పుడు కీచుమంటుంది. డక్టులో గాలిని తగ్గించే తలుపు, అంటే డ్యాంపర్‌ని, ఎవరో మూసి మరిచిపోయి ఉంటారు. పైప్ మూతి దగ్గర పావురాలు గూడు పెట్టడం మన ఊళ్లో మామూలే. డక్ట్ జాయింట్ విడిపోవడం అరుదు.

డక్ట్ విప్పాల్సి వస్తే, ఆ హుడ్‌లో ఎప్పుడైనా పర్‌క్లోరిక్ యాసిడ్ వేడి చేశారేమో ముందు కనుక్కోండి. చేసి ఉంటే సుత్తి తగలనివ్వకండి. లోపల పేరుకున్న పర్‌క్లోరేట్ దెబ్బ తగిలితే పేలుతుంది. ఆ పని తెలిసినవాళ్లు వచ్చేదాకా హుడ్‌కి తాళం వేయండి.