కామన్ తీస్తే మాయమైపోయే ఒకటి: నా అనుభవం

మా అమ్మాయి ఎనిమిదో తరగతి. 6ఎక్స్² + 3ఎక్స్‌లో 3ఎక్స్ కామన్ తీసి 3ఎక్స్(2ఎక్స్) అని రాసేసేది. "మొత్తం బయటికి తీసేశాక లోపల ఇంకేముంటుంది నాన్నా?" అని వాదన పైగా. సూత్రం బట్టీ, వీడియోలు, నా కేకలు, ఏవీ పనిచేయలేదు.

చివరికి ముందు బ్రాకెట్ వేయించి, లోపల ఖాళీ గడులు గీయించాను. ఎన్ని పదాలుంటే అన్ని గడులు. తర్వాత ఒక్కో పదాన్నీ 3ఎక్స్‌తో భాగించమన్నాను. మొదటి గడిలో 2ఎక్స్ వచ్చింది. 3ఎక్స్ ÷ 3ఎక్స్ దగ్గర పెన్సిల్ ఆగింది. "సున్నా... కాదు కాదు, ఒకటి!" అంది. 3ఎక్స్(2ఎక్స్ + 1). ఎక్స్ బదులు 2 పెట్టి సరిచూశాం: అసలు లెక్కకి 30, కొత్త జవాబుకీ 30, పాతదానికి 24. అక్కడ నమ్మింది.

మైనస్ కామన్ తీసేటప్పుడు మాత్రం గుర్తులు ఇంకా తప్పుతోంది. దానికి ఈ గడులు చాలవేమో.