ఇసుక మెరక వయసు తేల్చడానికి నమూనా ఎలా తీయాలి?

కోనసీమలో తీరానికి సమాంతరంగా సాగే ఇసుక మెరకల్లో చాలావరకు ఒకప్పటి సముద్రపు ఒడ్లే. ఆ ఇసుక చివరిసారి ఎండను ఎప్పుడు చూసిందో, రేణువుల్లోని శక్తిని వెలుగుగా రప్పించి కొలిచే ల్యూమినిసెన్స్ పద్ధతి చెబుతుంది. ఎండ తగిలినప్పుడు క్వార్ట్జ్ రేణువుల్లో నిలిచిన శక్తి ఖాళీ అవుతుంది. పైన ఇసుక కప్పుకున్నాక యురేనియం, థోరియం, పొటాషియంల వికిరణంతో అది మళ్లీ పోగవుతుంది. పోగైన వికిరణ మోతాదును ఏటా అందే మోతాదుతో భాగిస్తే వయసు వస్తుంది. ఆ లెక్క ప్రయోగశాల వాళ్లు చూసుకుంటారు, పని చెడేది గుంత దగ్గరే.

రెండంగుళాల వ్యాసం, అడుగు పొడవు గల ఇనుప గొట్టం, సుత్తి, పార, నల్ల సంచులు, టేపు ఉంటే చాలు. చవక అని తెల్ల పీవీసీ గొట్టం తేవద్దు. అది వెలుతురును లోనికి రానిస్తుంది, దెబ్బకు పగులుతుంది.

సరుగుడు వేళ్లు, పీతల బొరియలు లేని చోట మీటరుకు పైగా తవ్వాలి. యంత్రాలు తిరగేసిన రొయ్యల చెరువు గట్లు పనికిరావు. వరద ఒండ్రు కంటే ఒడ్డు ఇసుకే మేలు, ఎందుకంటే బురద నీటిలో కొట్టుకొచ్చిన రేణువుకు ఎండ సరిగా తగలదు.

ఇక గొట్టం దించడం. గుంత గోడను ముందుగా జానెడు లోపలికి చెక్కి, వెలుతురు పడిన ఇసుకను తీసేయాలి. గొట్టం ముందు కొనలో థర్మోకోల్ బిళ్ల పెట్టి, తడిగా, గట్టిగా ఉన్న పొరలోకి అడ్డంగా, వంకర పోకుండా కొట్టాలి. లోపలికి వచ్చే ఇసుక ఆ బిళ్లను వెనక్కి నెట్టుకుంటూ బిగువుగా నిండుతుంది. నిండకముందే ఆపితే దారి పొడవునా ఇసుక కదిలి, కొనల దగ్గర వెలుతురు చూసిన రేణువులు నడిమి ఇసుకలో కలిసి, వయసు ఉన్నదానికంటే తక్కువగా వస్తుంది. ఆ తప్పును ఏ యంత్రమూ సరిచేయలేదు. గొట్టాన్ని ఊపి లాగకూడదు. చుట్టూ తవ్వి, నల్ల బట్ట కప్పి, బయటికి వచ్చీ రాగానే రెండు కొనలూ మూసి టేపు చుట్టాలి. రాత్రిపూట తీస్తే ఈ బాధ ఉండదనే వారు తెల్లని టార్చి వేసుకునే తవ్వుతారు, పైగా పొర ఎక్కడ మారిందో వారికి కనిపించదు.

గొట్టం చుట్టూ అడుగు మేర ఇసుకను వేరే సంచిలో నింపాలి, ఎందుకంటే గామా కిరణాలు ఆ మేర నుంచే వస్తాయి. నల్ల ఇసుక చారలుంటే వాటినీ వదలకూడదు. అందులో ఉండే మోనజైట్ అనే ఖనిజంలో థోరియం ఎక్కువ. తేమ కోసం మరో సంచిని గాలి చొరకుండా మూయాలి. నీరు వికిరణాన్ని పీల్చుకుంటుంది గనుక తేమను లెక్కించకపోతే వయసు తగ్గిపోతుంది. నీటిమట్టం ఏడాది పొడవునా మారే ఈ పల్లపు నేలలో అది ఎంత లోతున ఉందో కూడా రాసుకోవాలి.

గవ్వలకు కార్బన్ పరీక్ష చేయిస్తే సరిపోదా అని కొందరంటారు. పాత ఒడ్డు నుంచి కొట్టుకొచ్చిన గవ్వ పాత వయసే చెబుతుంది, సముద్రపు నీటిలోని పాత కార్బన్ దాన్ని ఇంకా పెంచుతుంది. నా మట్టుకు ఇసుక మాటే నమ్ముతాను.

గొట్టంపై లోతు, తేదీ, గోడ వైపు కొన ఏదో రాసి పంపాలి. మసక ఎర్ర దీపం కింద దాన్ని తెరిచే వారు రెండు కొనల ఇసుకనూ పక్కన పెట్టి, నడిమి భాగమే వాడతారు.