ఒక్కరోజు పూసే పువ్వు, ఏళ్ల తరబడి ఉండే దుబ్బు: డే లిల్లీని పెంచడం ఎలా?

డే లిల్లీ పువ్వు పొద్దున విచ్చుకుంటే రాత్రికి వాడిపోతుంది. మర్నాడు పక్క మొగ్గ వంతు. ఒక్కో కాడకి బోలెడు మొగ్గలుంటాయి కాబట్టి దుబ్బు కుదురుకుంటే వేసవిలో వారాల తరబడి పూలే. హెమెరోకాలిస్ అన్న శాస్త్రీయ నామంలో ఉన్నదీ ఇదే: గ్రీకులో 'హెమెరా' అంటే రోజు, 'కాలోస్' అంటే అందం.

1. ముందు మొక్కను గుర్తుపట్టండి. పేరులో లిల్లీ ఉన్నా ఇది అసలు లిల్లీ కాదు. లిల్లీకి గడ్డ ఉంటుంది, ఆకులు కాండం పొడవునా వస్తాయి. దీని ఆకులన్నీ గడ్డిలా మొదట్లోంచే లేస్తాయి. పిల్లిని పెంచుకునేవాళ్లకు మాత్రం రెండూ ఒకటే, ఏది కొరికినా దాని కిడ్నీలు పాడవుతాయి. పిల్లి ఉంటే ఈ మొక్క వద్దు.

2. రోజుకు 6 గంటలైనా ఎండ తగిలే, నీళ్లు నిలవని చోట గొయ్యి తీయండి. గొయ్యి మధ్యలో మట్టిని చిన్న గుట్టలా చేసి, మొక్కను దానిమీద కూర్చోబెట్టి, వేళ్లను చుట్టూ పరిచి పూడ్చండి. ఆకులూ వేళ్లూ కలిసే చోటు 2–3 సెంటీమీటర్లకు మించి లోపలికి పోకూడదు. గాలికి పడిపోతుందేమోనని నేను మొదటిసారి లోతుగా పాతాను. రెండు వేసవులు ఆకులే చూశాను. మొక్కల మధ్య 45–60 సెంటీమీటర్ల ఎడం ఉంచండి.

3. మొగ్గలు వేసే రోజుల్లో నీళ్లు తగ్గించకండి. నత్రజని ఎక్కువైతే ఆకులు ఏపుగా పెరుగుతాయి, పూలు తగ్గుతాయి. వాడిన పూలను రోజూ తుంచేయండి.

4. మూడు నుంచి ఐదేళ్లకోసారి, పూలు అయిపోయాక, దుబ్బును తవ్వి పిలకలుగా విడదీసి నాటండి.

5. వండాలనుకుంటే, మందులు కొట్టని మొక్క నుంచే, విచ్చుకోని మొగ్గలు కోయండి. చైనాలో వీటిని ఎండబెట్టి, 'బంగారు సూదులు' అని పిలుస్తూ సూపుల్లో వేస్తారు. పచ్చివి తింటే కడుపు పాడవచ్చు. బాగా ఉడికించి, మొదటిసారి రెండు మొగ్గలతో ఆపండి.

చైనీయులకు ఇది కూర ఒక్కటే కాదు. అక్కడ దీనికి 'వాంగ్‌యోత్సావో' అని ఇంకో పేరుంది, అంటే దిగులు మరిపించే గడ్డి. పూర్వం దూరప్రయాణం వెళ్లే కొడుకు, తల్లి ఉండే గది ముందు దీన్ని నాటి వెళ్లేవాడట, చూస్తూ బెంగ మరిచిపోతుందని.