ఎండాకాలంలో అమ్మానాన్నలతో ఫ్రాన్స్: టికెట్లు తీసేముందే చూసుకోవాల్సినవి

వేసవిలో అమ్మనో నాన్ననో ఫ్రాన్స్ తీసుకెళ్తానంటే ఇంట్లో వినిపించే మాట ఒకటుంది: "విజయవాడ ఎండలే చూశాం, ఆ దేశం ఎండ మనల్నేం చేస్తుందిరా?" ఈ ధీమా దగ్గరే ప్రమాదం మొదలవుతుంది. మన ఊళ్లో 44 డిగ్రీలున్న రోజున అమ్మ మధ్యాహ్నం గడప దాటదు. మజ్జిగ తాగి, ఫ్యాన్ కింద నడుం వాలుస్తుంది. అదే అమ్మ అక్కడ 37 డిగ్రీల్లో, మిట్టమధ్యాహ్నం, రాళ్లు పరిచిన వీధుల్లో మన వెనకాల నడుస్తూ ఉంటుంది. రాత్రికి చేరే గదిలో చాలాచోట్ల ఫ్యాన్ కూడా ఉండదు.

2003 ఆగస్టులో వచ్చిన వడగాలులకు ఫ్రాన్స్‌లో సుమారు 15,000 మంది చనిపోయారు. ఎక్కువమంది వయసు మళ్లినవాళ్లే. రాత్రిళ్లు కూడా చల్లబడకపోవడంతో ఒంటికి తెరిపి దొరకలేదు. 2019 జూన్ 28న దక్షిణాన వెరార్గ్‌లో 46 డిగ్రీలు నమోదైంది. మరుసటి నెలలో పారిస్ 42.6 చూసింది. అందుకే ప్లాన్ వేసేటప్పుడు ఏమేం చూడాలన్నదానికంటే ముందు, మధ్యాహ్నం పన్నెండు నుంచి ఐదు వరకు పెద్దవాళ్లు ఎక్కడుంటారో తేల్చుకోండి.

హోటల్ బుక్ చేసేటప్పుడు ఏసీ ఉందని స్పష్టంగా రాసి ఉందో లేదో చూడండి. నక్షత్రాల సంఖ్య చూసి ఉంటుందిలే అనుకోవద్దు. పారిస్ పాత భవనాల్లో రేకు కప్పు కింది పై అంతస్తు గదులు ఫోటోల్లో ముచ్చటగా ఉంటాయి కానీ జూలైలో పెనంలా కాలతాయి. లిఫ్ట్ ఉందో లేదో కూడా అడగండి. ఉన్నా ఇద్దరు మనుషులు, ఒక సూట్‌కేస్ పట్టడమే గగనం కావచ్చు. కిటికీలకు చెక్క తలుపులుంటే పొద్దున బయల్దేరేముందు మూసేసి, చీకటి పడ్డాక తెరవండి. అక్కడివాళ్లు చేసేది అదే.

జూన్ నెలాఖర్లో పారిస్‌లో దాదాపు రాత్రి పదింటిదాకా వెలుగుంటుంది. కాబట్టి పొద్దున ఒకటి, మధ్యాహ్నం గదిలో నిద్ర, ఆరు దాటాక మరొకటి. రోజుకు రెండు చాలు. లూవ్ర్ మ్యూజియానికి మంగళవారం, ఓర్సే మ్యూజియానికి, వెర్సాయ్ కోటకు సోమవారం సెలవు. ఇది చూసుకోకుండా వెళ్లి గేటు దగ్గర్నుంచి తిరిగొస్తే ఆ నడకంతా దండగ. పారిస్ మెట్రోలో చాలా స్టేషన్లకు లిఫ్ట్ లేదు, మెట్లే. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు సిటీ బస్సు మేలు, ఊరు కూడా కనిపిస్తుంది.

తిండి వేళలు గట్టివి. హోటళ్లలో మధ్యాహ్న భోజనం పన్నెండు నుంచి రెండు వరకు, రాత్రిది ఏడు దాటాకే. మధ్యలో చాలాచోట్ల వంటగది మూసేస్తారు. షుగర్ ఉన్నవాళ్లకు ఇది చిన్న విషయం కాదు. బ్యాగులో ఎప్పుడూ బిస్కెట్లో, వేరుశనగ చిక్కీయో ఉండాలి. ఇంటినుంచి పొడులు పట్టుకెళ్లండి కానీ నెయ్యి, పాలకోవా, చికెన్ పచ్చడి వద్దు. బయటి దేశాల నుంచి పాల పదార్థాలను, మాంసాన్ని యూరప్‌లోకి రానివ్వరు. మామిడిపండ్లు, పచ్చి కరివేపాకు కూడా అంతే. ఇడ్లీ, దోసె మీదకు మనసు పోతే పారిస్‌లో లా షాపెల్ స్టేషన్ చుట్టుపక్కల తమిళుల హోటళ్లున్నాయి.

నీళ్ల సంగతి విడిగా చెప్పాలి. బాత్రూం దొరకదేమోనన్న భయంతో అమ్మలు నీళ్లు తాగడం మానేస్తారు, ఆ మాట మనకు చెప్పరు. పారిస్ వీధుల్లో ఉచిత టాయిలెట్లు ఉన్నాయి, అవి ఎక్కడున్నాయో ముందే చూపించండి. భోజనం చేసే హోటల్లో 'కరాఫ్ దో' అని అడిగితే కుళాయి నీళ్లు ఉచితంగా ఇస్తారు, నిశ్చింతగా తాగొచ్చు. బీపీకి మూత్రం ఎక్కువగా పోయే మాత్రలు వాడుతుంటే, వేడిలో మోతాదు ఎలా ఉండాలో బయల్దేరేముందే డాక్టర్‌ని అడగాలి. మందులు చేతి సంచిలోనే, జనరిక్ పేర్లున్న చీటీతో సహా. ఫ్రాన్స్ వెళ్లడానికి తీసుకునే షెంగెన్ వీసాకు కనీసం 30,000 యూరోల ఇన్సూరెన్స్ ఎలాగూ తీసుకుంటారు. దాంట్లో పాత జబ్బులకు ఎంతవరకు ఇస్తారో చదివి సంతకం పెట్టండి.

ఊళ్ల ఎంపికలో నా అభిప్రాయం సూటిగా చెప్తాను. గుండె, బీపీ సమస్యలున్న పెద్దవాళ్లతో జూలై, ఆగస్టుల్లో దక్షిణాన ఉన్న ప్రొవాన్స్ ప్రాంతం వద్దు. లావెండర్ చూడాలని అమ్మకు మరీ ఉంటే జూన్ ఆఖరు నుంచి జూలై మధ్యలోపు వెళ్లి, పొద్దున్నే పొలాలు చూసి వచ్చేయండి. జూలైలో అవిన్యోన్ నాటకోత్సవాల వల్ల అక్కడ గదులు దొరకడం కష్టం. మార్సెయ్ పక్కన కలాంక్ కొండదారులను కార్చిచ్చు భయం ఉన్న రోజుల్లో మూసేస్తారు. వీటికి బదులు సముద్రం గాలి తగిలే సాన్ మాలో, లేదంటే సరస్సు ఒడ్డున ఉన్న ఆన్సీ హాయి.

చల్లగా ఉంటుందని ఆల్ప్స్ కొండల్లోని షామొనీ వెళ్లేవాళ్లూ జాగ్రత్త. అక్కడి కేబుల్ కారు 1,035 మీటర్ల నుంచి ఎగ్విల్ దు మిదీ శిఖరం దగ్గరికి, దాదాపు 3,800 మీటర్ల ఎత్తుకి, అరగంటలోపే చేరుస్తుంది. ఒంటికి అలవాటు పడే వ్యవధే ఉండదు. గుండె, ఊపిరితిత్తుల ఇబ్బందులుంటే 1,913 మీటర్ల మోంతన్‌వేర్‌కు వెళ్లే రైలు ఎక్కించండి, హిమానీనదం అక్కడినుంచి కూడా కనిపిస్తుంది. సముద్ర తీరంలో దీవి మీదున్న మోన్ సాన్ మిషెల్ మఠానికి దాదాపు 350 మెట్లు. ఎక్కలేకపోతే కిందినుంచి చూసినా తృప్తే, కానీ గైడ్ లేకుండా ఇసుకలోకి దిగొద్దు. ఆటుపోట్లు వేగంగా వస్తాయి, ఊబి ఉంటుంది.

బంగారం ఇంట్లోనే పెట్టి రమ్మనండి. మంగళసూత్రం తీయనంటే బలవంతం చేయకండి, మెడచుట్టూ స్కార్ఫ్ వేస్తే కనబడదు. ఐఫిల్ టవర్ దగ్గర సంతకం పెట్టమని కాగితం చాపేవాళ్ల దగ్గర ఆగొద్దు, ఆ సందులో జేబు కొట్టేయొచ్చు.

వాతావరణ శాఖ హెచ్చరిక నారింజ రంగుకో ఎరుపుకో మారిందంటే ఆ రోజు ప్లాన్ రద్దు. నాన్న "నాకేం లేదు, పద" అన్నా సరే. మాట తడబడినా, మనిషి తికమకగా ఉన్నా, ఒళ్లు కాలిపోతున్నా వెంటనే 15కో 112కో ఫోన్ చేసి, నీడకు చేర్చి, తడిగుడ్డతో ఒళ్లు తుడవండి.

పెద్దవాళ్ల జేబులో హోటల్ చిరునామా, మీ నంబరు, వాడే మందుల పేర్లు రాసిన కాగితం ఉంచండి. వాళ్ల ఫోన్‌లోనూ అక్కడ పనిచేసే సిమ్ వేయించండి. మెట్రోలో తలుపులు మూసుకుపోయి ఒకరు లోపల, ఒకరు బయట ఉండిపోతే ఏం చేయాలో మొదటి రోజే అనుకోండి: లోపలున్నవారు తర్వాతి స్టేషన్‌లో దిగి ప్లాట్‌ఫారం మీదే నిలబడాలి, బయటున్నవారు తర్వాతి రైల్లో అక్కడికి రావాలి.