స్పార్క్‌స్టేషన్ 5 మీద నెట్‌బీఎస్‌డీ: ఎక్కడ ఆగితే ఏం చూడాలి

1994లో సన్ మైక్రోసిస్టమ్స్ తెచ్చిన స్పార్క్‌స్టేషన్ 5 అనే ఈ వర్క్‌స్టేషన్ కంప్యూటర్‌ను ఇవాళ నడపాలంటే నెట్‌బీఎస్‌డీ అనే ఆపరేటింగ్ సిస్టమే సులువు. ఇందులోని 32 బిట్ స్పార్క్ ప్రాసెసర్‌ను మరో ఆపరేటింగ్ సిస్టమ్ ఓపెన్‌బీఎస్‌డీ 5.9 వెర్షన్ తర్వాత వదిలేసింది, డెబియన్ లినక్స్ అంతకన్నా ముందే వదిలేసింది.

సమస్య: ఫ్యాన్ తిరుగుతుంది, తెర మీద ఏమీ రాదు.

చాలాసార్లు కారణం మానిటరే. మానిటర్ తగిలించే 13డబ్ల్యూ3 కనెక్టర్‌కి వీజీఏ అడాప్టర్ దొరుకుతుంది కానీ, దీని సింక్ సిగ్నల్ (బొమ్మను తెర మీద కుదురుగా నిలిపేది) మామూలు మానిటర్లు కోరే తీరులో రాదు. దాంతో కుస్తీ పట్టకండి. కీబోర్డు పీకేసి ఆన్ చేయండి. కీబోర్డు లేదని గమనించి మెషీనే సీరియల్ పోర్టు 'ఏ'కి మారిపోతుంది. ఆ పోర్టును ఇంకో కంప్యూటర్‌లోని టెర్మినల్ ప్రోగ్రామ్‌కి కలపడానికి నల్ మోడెమ్ కేబుల్ (రెండు కంప్యూటర్లను నేరుగా కలిపే సీరియల్ కేబుల్) కావాలి. సెట్టింగ్ 9600 బాడ్, 8 బిట్లు, పారిటీ లేదు, 1 స్టాప్ బిట్.

సమస్య: 'ఐడీప్రామ్ కంటెంట్స్ ఆర్ ఇన్‌వాలిడ్' అంటుంది. ఈథర్‌నెట్ అడ్రస్ (నెట్‌వర్క్‌లో మెషీన్ గుర్తింపు) అంతా ఎఫ్‌లే.

మొదటిసారి ఇది చూసి టెన్షన్ పడి, రెండు రాత్రులు ర్యామ్ ముక్కలు తీసి పెడుతూ కూర్చున్నాను. ర్యామ్‌కి దీంతో సంబంధమే లేదు. మదర్‌బోర్డు మీద 28 కాళ్ల ఎం48టీ08 చిప్ ఉంటుంది. గడియారం, సెట్టింగులు, ఈథర్‌నెట్ అడ్రస్ అన్నీ అందులోనే. ఐడీప్రామ్ అంటే అందులో మెషీన్ గుర్తింపు ఉండే భాగం. దాని బ్యాటరీ చిప్ లోపలే ఉంటుంది. ఇన్నేళ్లకి అది చచ్చిపోయి ఉంటుంది.

చిప్ జోలికి వెళ్లేముందు ఓకే ప్రాంప్ట్ (ఆపరేటింగ్ సిస్టమ్ లోడ్ కాకముందు మెషీనే ఇచ్చే కమాండ్ లైన్) దగ్గర ఆ విలువలను చేత్తో నింపి చూడండి. పవర్ తీసేదాకా నిలుస్తుంది, రోగం ఇదేనా కాదా తేలిపోతుంది. ముందు సెట్-డిఫాల్ట్స్ కమాండ్, తర్వాత ఒక్కో బైటుకీ ఎంకేపీ కమాండ్. విలువ ముందు, స్థానం తర్వాత: '80 1 ఎంకేపీ' అంటే 1వ స్థానంలో 80. అంకెలన్నీ హెక్స్‌లోనే (16 అంకెల పద్ధతి, 9 తర్వాత ఏ నుంచి ఎఫ్ దాకా). 0లో 1, 1లో 80 (ఈ మోడల్ కోడ్), 2 నుంచి 4 దాకా వరసగా 8, 0, 20. 5, 6, 7లో మీకు నచ్చిన మూడు విలువలు, మీ నెట్‌వర్క్‌లో ఇంకెవరికీ లేనివి. 8 నుంచి బి దాకా సున్నాలు. సి, డి, ఇలో మళ్లీ ఆ మూడే.

చివరి ఎఫ్ స్థానంలో చెక్‌సమ్ (తప్పు పట్టే సరిచూపు విలువ), అంటే ముందున్నవన్నీ ఎక్సార్ (ఒకే విలువ రెండుసార్లు వస్తే సున్నా అయ్యే బిట్ల లెక్క) చేసిన ఫలితం. మీ మూడు విలువలూ రెండేసి సార్లు వచ్చాయి కాబట్టి ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. మిగిలేది ఎప్పుడూ ఏ9. లెక్క అక్కర్లేదు, ఎఫ్ స్థానంలో ఏ9 రాసేయండి.

శాశ్వతంగా కావాలంటే కొత్త చిప్ వేయాలి. సాకెట్‌లోనే ఉంటుంది, ఊడదీయడం కష్టం కాదు. కొత్తదని అమ్మేవాళ్లున్నారు, పైన వేసిన తయారీ తేదీ చూడకుండా కొనకండి. టంకం వేయడం వచ్చినవాళ్లు పాత చిప్‌నే అరగదీసి, లోపలి బ్యాటరీని కత్తిరించి, సీఆర్2032 నాణెం బ్యాటరీ కలుపుతారు. నేనైతే కొత్తదే వేస్తాను.

సమస్య: సీడీ నుంచి బూట్ కాదు.

ఓకే ప్రాంప్ట్ దగ్గర ప్రోబ్-స్కసీ కమాండ్ కొట్టండి, స్కసీ (డిస్కులు కలిపే లైను) మీద ఉన్న డ్రైవ్‌లు, వాటి ఐడీలు చూపిస్తుంది. సీడీ డ్రైవ్ ఐడీ 6, హార్డ్‌డిస్క్ ఐడీ 3 ఉండాలి. ఐడీ సరిగ్గానే ఉంటే కారణం బ్లాక్ సైజు (డ్రైవ్ ఒక్కసారికి ఇచ్చే డేటా ముక్క): సన్‌కి 512 బైట్లు కావాలి, చాలా డ్రైవ్‌లు 2048 ఇస్తాయి. కొన్నింటికి దాన్ని మార్చే జంపర్ ఉంటుంది.

జంపర్ లేకపోతే నెట్‌వర్క్ బూట్, అంటే ఇంకో కంప్యూటర్‌ను సర్వర్‌గా పెట్టి దాన్నుంచి బూట్ చేయడం. అక్కడ 'టైమౌట్ వెయిటింగ్ ఫర్ ఏఆర్‌పీ/ఆర్‌ఏఆర్‌పీ ప్యాకెట్' అని వస్తుంటే సర్వర్‌లో రార్ప్ (ఆర్‌ఏఆర్‌పీ, ఈథర్‌నెట్ అడ్రస్ చూసి ఐపీ చెప్పే సర్వీస్) నడవట్లేదు, లేదా సర్వర్‌లో ఈథర్‌నెట్ అడ్రస్‌లు రాసే ఈథర్స్ ఫైల్‌లో అడ్రస్ తప్పు. దాటి టీఎఫ్‌టీపీ (బూట్ ఫైల్‌ను సర్వర్ నుంచి తెచ్చే పద్ధతి) దగ్గర ఆగితే ఆ ఫైల్ పేరు చూడండి. ఐపీని హెక్స్‌లోకి మార్చి, అన్నీ పెద్దక్షరాల్లో రాయాలి: 192.168.1.10కి సీ0ఏ8010ఏ, ఆపైన చుక్క పెట్టి సన్4ఎం (ఈ మెషీన్ రకం పేరు).