పిల్లల వెంట చదువు – 3వ పాఠం: చీమల బారు దగ్గర ఏం చూస్తున్నారు?

గత పాఠంలో పిల్లల్ని గమనిస్తూ రాయమన్న చీటీలు ఈపాటికి పది పదిహేను పోగై ఉంటాయి. తేదీ, పిల్ల పేరు, ఏం చేసింది, ఏమంది, ఎంతసేపు – అంతే కదా. వాటిని నేల మీద పరిచి చూడండి. ఎవరూ చెప్పకుండా ఒకే పిల్ల ఒకే పని దగ్గరికి వారంలో మూడు వేర్వేరు రోజులు వెళ్లి ఉంటే ఆ చీటీలు పక్కకు తీయండి. మిగతావి ఆ పూట సరదాలు. మూడు అన్నది శాస్త్రమేమీ కాదు, చేతికి అందే కొలత.

ఈ పాఠానికి చీమల్ని తీసుకుందాం. మూడు నుంచి ఐదేళ్ల పిల్లలున్న ఇంట్లోనైనా, అంగన్‌వాడీలోనైనా గోడ వారన పోయే బారు దగ్గర ఎవరో ఒకరు గొంతుక్కూర్చుని కనిపిస్తారు. మనం వెంటనే "చీమలంటే ఇష్టం" అని రాసేసుకుంటాం. మర్నాడు చీమ బొమ్మకు రంగులు, చీమ పాట, చీమ కాళ్ల లెక్క. మూడో రోజుకు పిల్లలు అటు తొంగిచూడరు. వాళ్లను అక్కడ కూర్చోబెట్టింది చీమ చేస్తున్న పని. వ్యాకరణం మాటల్లో చెప్పాలంటే, ఆసక్తిని నామవాచకంలో కంటే క్రియలో వెతకాలి.

ఆ క్రియ ఏదో తెలియాలంటే పిల్ల పక్కన అదే ఎత్తులో కూర్చోండి. ఐదు నిమిషాలు నోరు మెదపొద్దు. తర్వాత కంటికి కనిపిస్తున్నదే ఒక్క మాట అనండి: "ఆ చీమ ఆగింది." మనసులో పది లెక్కపెట్టండి. చాలామంది నాలుగు దగ్గరే ఉండబట్టలేక "ఎన్ని కాళ్లున్నాయి నాన్నా?" అనేస్తారు. పిల్ల చూడటం మానేసి పరీక్షకు కూర్చున్నట్టు అయిపోతుంది. ఏమైనా అంటే ఉన్నదున్నట్టు రాయండి. "చీమలు పెళ్లికి పోతున్నయి" అన్న మాటను "చీమల గమ్యాన్ని ఊహించింది" అని మార్చి రాస్తే రేపు మీకే పనికిరాదు. ఇటలీలోని రెజియో ఎమీలియా పట్టణ పురపాలక సంఘం 1963 నుంచి నడుపుతున్న శిశుపాఠశాలలకు ఈ రాతే ఆయువుపట్టు. మర్నాటి పని ఆ కాగితాల్లోంచే తీస్తారు.

ఒకే బారు దగ్గర ముగ్గురు పిల్లలుంటే మూడు క్రియలు దొరకొచ్చు.

ఒకరి చూపంతా మోయడం మీద ఉంటుంది. బారు పక్కన ఒక నువ్వు గింజ, ఒక బియ్యం గింజ, ఒక వేరుశనగ పలుకు పెట్టండి. దేన్ని ఎత్తుకుపోయాయి, దేన్ని ఈడ్చాయి, దేన్ని వదిలేశాయి? ఆ తర్వాత మోసే వంతు పిల్లలది: అరలీటరు, లీటరు నీళ్ల సీసాలు ఒక్కొక్కరు, చుట్టిన చాప ఇద్దరు కలిసి. బరువు, తేలిక అన్న మాటలు అప్పుడు చెబితే అతుక్కుంటాయి.

ఇంకొకరికి ఎక్కడికి పోతున్నాయన్నదే ధ్యాస. దీన్ని తొందరగా వదలకండి, ఇందులో చాలా ఉంది. బారుకు రెండు వేళ్ల ఎడంగా నూలు దారం పరచండి. దారి వంపు తిరిగిన చోట దారాన్నీ వంచాలి. మరీ దగ్గరగా పెడితే చీమలు చెదిరి బారు విరిగిపోతుంది. రెండు కొసలూ కత్తిరించేముందు, కొస నుంచి కొసకు తిన్నగా ఇంకో దారం పరిచి కత్తిరించండి. రెండింటినీ ఎత్తి పక్కపక్కన లాగి పడితే చుట్టుదారి ఎంత పొడుగో కళ్లకు కడుతుంది. తర్వాత పిల్ల అడుగులతో కొలవనివ్వండి. మరో రోజు దారికి అడ్డంగా తడి వేలితో ఒక గీత గీయండి. చీమలు అక్కడ ఆగి తడబడతాయి, ఎందుకంటే ముందుపోయినవి వదిలిన వాసన పట్టుకునే నడుస్తాయి. ఆ సంగతి వెంటనే చెప్పేయకండి. "ఎందుకాగాయంటావు?" అని అడిగి, వచ్చిన జవాబులన్నీ రాయండి. "భయమేసింది" కూడా జవాబే.

మూడో పిల్ల కన్నం దగ్గరే ఉంటుంది. తడి ఇసుక, బంకమట్టి, ఓ చెంచా ఇచ్చి పక్కకు తప్పుకోండి.

"ఏం తింటాయి?" అని అడిగితే నాలుగు సీసా మూతల్లో బెల్లం, చక్కెర, ఉప్పు, బియ్యప్పిండి పెట్టండి, ఒక్కొక్కటి శనగగింజంత. బారుకు జానెడు దూరంలో అన్నీ ఒకే ఎడంలో ఉండాలి, లేకపోతే దగ్గరున్న మూతే గెలిచే ప్రమాదం ఉంది. పాకంలా కరిగిన బెల్లం వద్దు, చీమలు అంటుకుని చస్తాయి, పిల్లలు బెంబేలు పడతారు. మిట్టమధ్యాహ్నం ఎండలో కాకుండా పొద్దున పెట్టి, అరగంట తర్వాత చూడండి. ఏ మూత గెలుస్తుందో ముందే ఊహించి పిల్లలు దాని పక్కన గులకరాయి పెడితే పందెం రాసినట్టే.

గండు చీమలు, ఎర్ర చీమలున్న చోట వద్దు. చీమల మందు సుద్ద గీసిన గోడ దగ్గర అసలే వద్దు, అది పురుగుమందు. పిల్లల వేళ్లు నోట్లోకి పోతాయి.

రెండు రోజులు వరసగా ఎవరూ అటు రాకపోతే సామాను ఎత్తేయండి. బతిమాలకూడదు. నెల తర్వాత వానాకాలంలో చీమలు తెల్లటి గుడ్లలాంటివి మోసుకుపోతుంటే వాళ్లే మళ్లీ మొదలెట్టొచ్చు.

ఈ వారం అభ్యాసం: పక్కకు తీసిన చీటీల్లోంచి ఒక్క పిల్లను ఎంచుకోండి. చీటీ వెనక ఒకే ఒక క్రియ రాయండి: పోయడం, దాక్కోవడం, వరసగా పేర్చడం, విసరడం, ఏదైనా. దానికి ఇంట్లో ఉన్న మూడు వస్తువులు జతచేసి, రేపు పొద్దున ఏమీ చెప్పకుండా పిల్ల తిరిగే చోట పెట్టండి. క్రియను సరిగ్గా పట్టుకున్నారో లేదో పది నిమిషాల్లో తెలుస్తుంది. ఒకే వస్తువు మీదికి ఇద్దరి క్రియలు వచ్చి పేచీ పడితే ఏం చేయాలన్నది 4వ పాఠం.