బోరు లెక్క - 3వ పాఠం: డ్రమ్ముతో కొలత

పోయిన పాఠం లెక్కకు జవాబు: ఎకరం మీద ఒక మిల్లీమీటరు వాన కురిస్తే 4,047 లీటర్లు. ఈ అంకెను నోటుబుక్కు అట్ట మీద రాసుకోండి, ఇవాళ మళ్లీ కావాలి.

ఇవాళ బోరు పోసే నీళ్లు కొలుద్దాం. "మాది రెండించుల బోరండీ" అంటే చాలదు. అది బోరు వేసిన రోజు రిగ్గువాళ్లు చెప్పిన మాట.

ఒక పెద్ద డ్రమ్ము, సెల్‌ఫోను, తోడుగా ఇంకో మనిషి కావాలి. 20 లీటర్ల క్యానుతో పదిసార్లు పోసి, నీళ్లు ఆగినచోట పెయింటుతో గీత గీయండి. అది 200 లీటర్లు. డ్రమ్ము డెలివరీ పైపు కంటే కింద ఉండాలి. అవసరమైతే గుంత తీసి దించండి. పైపును పైకెత్తి పోస్తే ధార తగ్గి లెక్క తప్పుతుంది.

మోటారు వేసి గంటసేపు వదిలేయండి. మొదట వచ్చేది బోరులో నిలవున్న నీరు. అది అయిపోయాక వచ్చేదే అసలు ఊట. నేను ఈ గంట ఆగలేక ఒక ఏడు స్విచ్చి వేయగానే కొలిచాను. డ్రమ్ము 50 సెకన్లలో నిండింది. సంబరంగా మూడెకరాల్లో నాట్లేశాను. శివరాత్రి దాటగానే బోరు ఆగి ఆగి పోయడం మొదలెట్టింది. ఎకరంన్నర గొడ్లకు వదిలేశాను.

మూడుసార్లు కొలిచి సగటు తీయండి. 80 సెకన్లు వచ్చిందనుకుందాం. సెకనుకు రెండున్నర లీటర్లు, గంటకు 9,000. తొమ్మిది గంటల కరెంటుకు 81,000. దాన్ని 4,047తో భాగిస్తే ఇరవై. అంటే ఒక ఎకరం మీద రోజుకు 20 మి.మీ. వాన కురిసినంత నీరు. తేలికనేలలో వరి రోజుకు పది మి.మీ. దాకా తాగుతుంది, కాబట్టి రెండెకరాలు. వేరుశనగకు అయిదు చాలు, నాలుగెకరాలు తడుస్తాయి. కాలవల్లో ఇంకేది ఇందులో కలపలేదు.

నిరుటి అంకె ఈ ఏడు పనికిరాదు. నిరుడు కురిసినంత వానే ఈసారి నాలుగు రోజుల్లో కుండపోతగా పడితే వాగు పాలవుతుంది, నేలలోకి దిగేది తక్కువ. అందుకే దీపావళి వెళ్లాక, రబీ విత్తనం కొనకముందే కొలవాలి. అనంతపురం, మహబూబ్‌నగర్, నల్గొండ వంటి ఏడు జిల్లాల్లో రైతులు భూగర్భజలాల పథకం కింద ఇలాగే కొలిచి, రబీకి ముందు ఊరి నీటి బడ్జెట్, అంటే ఉన్న నీళ్లెన్ని, పంటలకు కావాల్సినవెన్ని అనే లెక్క, వేసుకున్నారు. ఫలానా పంటే వేయాలని ఎవరినీ బలవంతపెట్టలేదు. అంకెలు అందరికీ కనబడేలా బోర్డు మీద ఉండేవి.

అభ్యాసం: మీ డ్రమ్ము 120 సెకన్లకు నిండితే, ఏడు గంటల కరెంటుతో వేరుశనగ ఎన్నెకరాలు? వచ్చే పాఠానికి తాడు, టేపు సిద్ధం చేసుకోండి. బోరులో నీళ్లు ఎంత లోతున ఉన్నాయో చూద్దాం.